విండోస్ రాని కంప్యూటర్ నుంచి ఫైళ్లు తీయడానికి లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్: ఇంట్లో వాడి చూసి రాస్తున్న రివ్యూ

ముందే చెప్తున్నా, మీ కంప్యూటర్ ఆన్ అవుతూ విండోస్ మాత్రం రాకపోతే, దాన్ని ఎవరి చేతిలోనైనా పెట్టే ముందు ఒక్కసారి లినక్స్ మింట్ (విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. పైసా ఖర్చు లేదు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, మనం చెప్పనిదే హార్డ్ డిస్క్ జోలికి పోదు. మా ఇంట్లో ఫైళ్లన్నీ దీంతోనే బయటపడ్డాయి.

మాది కర్నూలు. ఇంట్లో ఉన్నది పాత డెస్క్‌టాప్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే 'ఆటోమేటిక్ రిపేర్' అంటూ కాసేపు తిరుగుతుంది, ఆగిపోతుంది, రీస్టార్ట్ అయ్యి మళ్లీ అదే. అందులో మా ఆవిడ డీటీపీ పని అంతా ఉంది, పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్ బుక్కులు. దానికి మించిన టెన్షన్ ఇంకొకటి. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర పొంగి ఊరు మునిగినప్పుడు మా ఆల్బమ్‌లు చాలావరకు నీళ్లలోనే పోయాయి, మిగిలిన ఫోటోలను ఒక్కొక్కటిగా ఆరబెట్టి స్కాన్ చేయించి ఈ కంప్యూటర్‌లో పెట్టుకున్నాం. మా నాయన చిన్నప్పటి ఫోటోలు, మా అవ్వ ఫోటో అన్నీ అందులోనే. ఆ కాగితం ఫోటోలు ఇప్పుడు రంగు వెలిసి మొహాలు కూడా కనపడవు.

షాపులో చూపిస్తే, "ఫార్మాట్ కొట్టాల్సిందే సార్, సి డ్రైవ్‌లో ఉన్నవి రావు" అన్నారు. ఏ షాపు అన్నది అనవసరం, ఈ మాట చాలా చోట్ల వింటాం. కానీ మనం డెస్క్‌టాప్ మీద పెట్టుకునేవి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, మామూలుగా ఇవన్నీ ఉండేది సి డ్రైవ్‌లోనే కదా! విండోస్ మొదలవడానికి కావలసిన ఏ నాలుగు ఫైళ్లో చెడిపోయి ఉంటాయి, మిగతావన్నీ డిస్క్‌లో ఎక్కడివి అక్కడే ఉంటాయి. తాళం చెడిపోయిందని ఇంట్లో సామానంతా తగలబెట్టరు కదా.

మింట్ పెన్‌డ్రైవ్ చేసేది ఏమిటంటే, కంప్యూటర్‌ను హార్డ్ డిస్క్‌లోని విండోస్‌తో కాకుండా పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో స్టార్ట్ చేస్తుంది, అది ర్యామ్‌లో నడుస్తుంది, మన డిస్క్ మామూలు ఫోల్డర్లలాగా కనిపిస్తుంది. తయారు చేయడానికి పనిచేసే కంప్యూటర్ ఇంకొకటి కావాలి, స్నేహితుడి లాప్‌టాప్ అయినా సరే. లినక్స్ మింట్ సైట్ నుంచి ఐఎస్ఓ ఫైలు (మింట్ మొత్తం ఉండే ఒకే ఫైలు, దాదాపు 3 జీబీ) దించుకుని, రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఎక్కించాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది తీసుకోండి. తర్వాత దాన్ని చెడిపోయిన సీపీయూకి పెట్టి, ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండాలి, దేనితో స్టార్ట్ కావాలో అడిగే లిస్టు వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. ఆ కీ డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.

మింట్ స్క్రీన్ వచ్చాక 'ఇన్‌స్టాల్ లినక్స్ మింట్' అని ఒక ఐకాన్ ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. పొరపాటున దాంట్లో 'ఎరేజ్ డిస్క్' దాకా పోయారంటే మనం కాపాడుకోవాలనుకున్నదే పోతుంది. మీకు కావలసింది 'కంప్యూటర్' అనే ఐకాన్. అందులో మీ డిస్క్ తెరిచి, యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద నొక్కితే అన్నీ కనిపిస్తాయి. ఆ ఫోటోల ఫోల్డర్ స్క్రీన్ మీద తెరుచుకున్నప్పుడు మా నాయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు, కాపీ అయ్యేదాకా లేవలేదు.

కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకే చేసుకోండి. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, పెళ్లి వీడియోలు అక్కడే ఆగిపోతాయి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో వంద జీబీకి గంట పైనే పడుతుంది, ఓపిక పట్టాలి. సి డ్రైవ్ 'రీడ్ ఓన్లీ' అని వస్తే భయపడొద్దు. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ కావడానికి పూర్తిగా ఆగకుండా ఉండే పద్ధతి) వల్ల డిస్క్ సగం నిద్రలో ఉన్నట్టు గుర్తు పెట్టుకుంటుంది, అందుకే లినక్స్ దాని మీద రాయనంటుంది. మనకు చదవడమే కావాలి, కాబట్టి అది మంచిదే.

డీటీపీ చేసేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. పేజ్‌మేకర్ ఫైళ్లు తెచ్చుకుంటే సరిపోదు. అను అనే తెలుగు ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు అంతా పిచ్చి గుర్తుల్లా కనిపిస్తుంది. అందుకని విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. టాలీ వాడేవాళ్లు దాని డేటా ఫోల్డర్ ఎక్కడుందో వెతికి తీసుకోండి, అది మీ పేరున్న ఫోల్డర్‌లో ఉండకపోవచ్చు.

ఇక ఇది పనికిరాని చోట్లు. కొత్త లాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా మింట్ కాదు కదా, ఎవరూ తెరవలేరు. ఆ కీ చాలామందికి తమ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే సేవ్ అయ్యి ఉంటుంది, ఫోన్ నుంచి లాగిన్ అయ్యి చూడండి. డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే వెంటనే కరెంటు తీసేయండి, ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయొద్దు, నడిపేకొద్దీ లోపల గీతలు పడొచ్చు, అది డేటా రికవరీ ల్యాబ్ వాళ్లు చేయాల్సిన పని. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెటప్ స్క్రీన్‌లో) కూడా పేరు కనిపించని ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్) అయితే దీనికీ కనిపించదు.

శబ్దం లేదు గానీ కాపీ మధ్యలో ఎర్రర్లు వస్తున్నాయంటే, మింట్‌లోనే 'డిస్క్స్' అనే ప్రోగ్రాం తెరిచి స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ ఎంత బాగుందో చెప్పేది) చూడండి. మా దాంట్లో బ్యాడ్ సెక్టార్లు (చదవడానికి రాని భాగాలు) కనిపించాయి. ముఖ్యమైనవి ముందు తీసుకుని, మొండికేసిన వాటికి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడాం. బాగున్న భాగాలన్నీ ముందు చదివేసి, చెడ్డవాటి దగ్గరికి తర్వాత వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మొదటికి రాదు. కాకపోతే కమాండ్లు టైప్ చేయాలి, ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కి అన్నది తిరగబడితే ఉన్నది కూడా పోతుంది, తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. డీడీరెస్క్యూ దించుకోవడానికి నెట్ కావాలి, ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే మింట్ తీసుకుంది. ఇలాంటి డిస్క్ మీద రిపేర్ పేరుతో చెక్‌డిస్క్ (విండోస్‌లోని డిస్క్ రిపేర్ ప్రోగ్రాం) మాత్రం నడపనివ్వకండి, నీరసంగా ఉన్న డిస్క్‌కి అది ఇంకా భారం.

ఒక్క విషయం నాకు ఇబ్బందిగానే అనిపించింది. విండోస్ పాస్‌వర్డ్ అడగకుండానే ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి. అంటే మన సీపీయూ ఎవరి చేతికి పోతే వాళ్లు కూడా ఇంతే సులువుగా చూడగలరు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలతో సహా.

కాపీ చేసినవాటిని వేరే కంప్యూటర్‌లో తెరిచి, ఫోటోలు, పత్రికలు సరిగ్గా వస్తున్నాయని చూసుకున్నాకే సీపీయూను షాపుకి పంపాం. వాళ్లు ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ ఎక్కించి ఇచ్చారు. పాత డిస్క్‌ను మాత్రం అడిగి వెనక్కి తెచ్చుకున్నాం.