పరమాణు నిర్మాణం కిట్: బంతులు బాగున్నాయి, పుస్తకమే బాలేదు

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకి పాఠం చెప్పేవాళ్లయితే కొనండి. ఇంట్లో పిల్లాడి ముందు పెట్టేస్తే వాడే ఆడుకుంటూ నేర్చుకుంటాడులే అనుకుంటే మాత్రం వద్దు. పక్కన తెలిసినవాళ్లు లేకపోతే డబ్బాలో ఉన్న పుస్తకం వాడికి తప్పులు నేర్పుతుంది.

నేను విశాఖపట్నం గాజువాకలో ట్యూషన్ చెబుతాను. డాబాగార్డెన్స్‌లో స్కూళ్లకి ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక కొట్లో దీన్ని తీసుకున్నాను. పన్నెండు వందల యాభై చెప్పారు, బేరమాడితే పదకొండు వందలకి ఇచ్చారు. ప్రోటాన్లకి 20 ఎర్ర బంతులు, న్యూట్రాన్లకి 20 నీలం బంతులు, ఎలక్ట్రాన్లకి 20 పసుపు పూసలు, కర్పరాలకి (ఎలక్ట్రాన్లు ఉండే పొరలకి) నాలుగు తీగ రింగులు, ఒక స్టాండు. బంతులు ప్లాస్టిక్‌వి, రెండు సెంటీమీటర్లు ఉంటాయి, ఒంటి నిండా వెల్క్రో ముక్కలు.

ఆ వెల్క్రో దగ్గరే ఈ కిట్ నాకు నచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేస్తున్న మా పాత స్టూడెంట్ ఒకడు వచ్చి చూసి, "అయస్కాంతాలు పెట్టకపోవడమే మంచిదైంది మేడమ్, అవైతే దూరం నుంచే లాగేస్తాయి" అన్నాడు. స్వామి జ్ఞానానంద పేరు మీద అణు పరిశోధన ల్యాబ్ ఉన్న క్యాంపస్‌లో చదివేవాడు, వాడి మాట తీసెయ్యలేం. నిజమే. కేంద్రకంలో ప్రోటాన్లని, న్యూట్రాన్లని పట్టి ఉంచే బలం ఒకటి రెండు ఫెర్మీల దూరంలోనే, అంటే దాదాపు ఒక ప్రోటాన్ వెడల్పంత దూరంలోనే పనిచేస్తుంది. ఆనుకుని ఉన్న వాటినే పట్టుకుంటుంది, అవతలి అంచున ఉన్నదాన్ని పట్టించుకోదు. బంతిని బంతికి తాకించి నొక్కితే తప్ప అంటుకోకపోవడం పిల్లలు చేత్తో చూస్తారు.

కానీ సగమే చూస్తారు. ప్రోటాన్లన్నీ ధనావేశాలే, ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి, ఆ తోపు మాత్రం దూరంగా ఉన్నా పనిచేస్తుంది. కిట్‌లో ఆ తోపు లేదు. రెండు ఎర్ర బంతులే అంటించి "హీలియం అయిపోయింది" అని పిల్లలు చెయ్యెత్తుతారు. అది ఊడదు కూడా. ప్రకృతిలో రెండు ప్రోటాన్లే ఉన్న కేంద్రకం నిలవదు, నీలం బంతి కనీసం ఒకటి పడాల్సిందే. ఇది నోటితో చెప్పాల్సిన మాట, పుస్తకంలో ఎక్కడా లేదు. అసలు 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ని కనిపెట్టేదాకా ఇలాంటి కిట్ చేసినా అందులో నీలం బంతులే ఉండేవి కావు. రూథర్‌ఫర్డ్ 1911లో కేంద్రకం ఉందని తేల్చిన తర్వాత ఇరవై ఏళ్లకి పైగా కేంద్రకం బరువుకీ ఆవేశానికీ లెక్క కుదరక తంటాలు పడ్డారు. ఈ ముక్క చెప్పి ఎర్ర బంతులు మాత్రమే చేతికిస్తే పిల్లలు బుద్ధిగా వింటారు.

ఇక పుస్తకం. పదహారు పేజీలు, అందులో క్లోరిన్ పేజీ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రోటాన్లు 17, ఎలక్ట్రాన్లు 17, న్యూట్రాన్లు 18.5 అని అచ్చేశారు! తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు 18 నీలం బంతులు అంటించేసి, "సగం న్యూట్రాన్ ఎక్కడ దొరుకుద్ది మేడమ్?" అని సీరియస్‌గా అడిగాడు. ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. ఆవర్తన పట్టికలో క్లోరిన్ పక్కన పరమాణు భారం 35.5 అని ఉంటుంది, దాంట్లోంచి 17 తీసేశారు. 35.5 అనేది సగటు. ఏ ఒక్క క్లోరిన్ పరమాణువులోనూ సగం న్యూట్రాన్ ఉండదు. నూటికి 75కి కాస్త పైగా పరమాణువుల్లో 18 న్యూట్రాన్లుంటాయి, మిగతావాటిలో 20. అన్నీ కలిపి సగటు తీస్తే దాదాపు 35.5 వస్తుంది. ఆ రోజు పాఠం ఆపేసి ఐసోటోపులు, అంటే ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్ల సంఖ్య మారే పరమాణువుల గురించి చెప్పాను. నాలుగు గుంపులు చేసి మూడు గుంపులకి క్లోరిన్-35 (17 ప్రోటాన్లు, 18 న్యూట్రాన్లు కలిపి 35), ఒక గుంపుకి క్లోరిన్-37 ఇచ్చి సగటు కట్టించాను. బంతులు ఒక్కసారికి ఒక పరమాణువుకే సరిపోతాయి కాబట్టి గుంపులు వంతులేసుకున్నాయి. పుస్తకంలో తప్పు లేకపోతే ఆ పాఠం అంత బాగా వచ్చేది కాదేమో. అలాగని ప్రచురించినవాళ్లని మెచ్చుకోను.

డబ్బా మీద "మొదటి 20 మూలకాలు తయారుచేయవచ్చు" అని ఉంది. అదీ పూర్తిగా నిజం కాదు. ఆర్గాన్ దగ్గర ఆగిపోతారు. మనం పీల్చే గాలిలో ఉన్న ఆర్గాన్‌లో నూటికి 99కి పైగా ఆర్గాన్-40. దానికి 18 ఎర్రవి, 22 నీలం కావాలి, డబ్బాలో నీలం 20 మాత్రమే. చిత్రమేమిటంటే దాని తర్వాతి పొటాషియం, కాల్షియం రెండూ హాయిగా వస్తాయి, వాటికి ఇరవయ్యే నీలం చాలు. కాల్షియం-40లో ఎర్రవీ నీలం సమానం. అలా సమానంగా ఉండి స్థిరంగా నిలిచేవాటిలో అదే చివరిది. అక్కడి నుంచి ప్రోటాన్ల తోపు పెరిగి నీలం మెజారిటీ అవుతూ వస్తుంది. భీమిలి వైపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉందని పేపర్లో చదువుతాం కదా, అందులోని థోరియంకి ప్రోటాన్లు 90, న్యూట్రాన్లు 142. అంత నీలం ఉన్నా అది పూర్తిగా నిలవదు, మెల్లగా విచ్ఛిన్నమవుతూనే ఉంటుంది. సగం పోవడానికి దాదాపు 1400 కోట్ల ఏళ్లు పడుతుంది కాబట్టి మన కంటికి స్థిరంగా కనిపిస్తుంది.

రింగుల గురించి ఎక్కువ రాయను. ఎలక్ట్రాన్లు తీగ మీద పూసల్లా తిరగవని పైతరగతుల్లో ఎలాగూ చెబుతారు, ఏ రింగులో ఎన్ని ఎలక్ట్రాన్లో చెప్పే లెక్క (కాల్షియంకి 2, 8, 8, 2) నేర్పడానికి చాలు. సైజు మాత్రం తప్పక చెప్పండి. ఒక్క ఎర్ర బంతినే హైడ్రోజన్ కేంద్రకం అనుకుంటే, ఎలక్ట్రాన్ ఉండాల్సిన దూరం అరకిలోమీటరు దాటుతుంది. ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం గుమ్మం దగ్గర బంతి పెడితే, పూస పట్టుకుని బీచ్ రోడ్డు మీద 600 మీటర్లు నడవాలి. కిట్‌లో అది నాలుగు వేళ్ల దూరంలో ఉంది. ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్‌కి 1836 రెట్లు, ఇక్కడ బంతికీ పూసకీ అంత తేడా లేదు.

మన్నిక అంతంతే. మన ఊరి తేమకి వెల్క్రో జిగురు వర్షాకాలంలోనే ఊడింది, ఫెవిక్విక్‌తో మళ్లీ అంటించాల్సి వచ్చింది. ఒక రింగు తుప్పు పట్టింది. మార్చివ్వమంటే "ఓపెన్ చేసినవి తీసుకోమమ్మా" అన్నారు కొట్టువాళ్లు.

విడి బంతులు మాత్రం అక్కడే అమ్ముతారు, పది బంతుల ప్యాకెట్ నూట ఇరవై. నీలం ప్యాకెట్ ఒకటి కచ్చితంగా తీసుకోండి, ఆర్గాన్ గొడవ తీరిపోతుంది. ఎర్రది కూడా ఒకటి కొంటే ఇనుము-56 వచ్చేస్తుంది: 26 ఎర్రవి, 30 నీలం, ఒక్క నీలం బంతి కూడా మిగలదు. మా బ్యాచ్‌లో సగం మంది నాన్నలు స్టీల్ ప్లాంట్ ఉద్యోగులే, పిల్లలు ముందు దాన్నే చేస్తామని పట్టుబడతారు. పసుపు పూసలు ఇంకో ఆరు కావాలి, అవి ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతాయి.