చెన్నైలో పరీక్షలు, బస, ఆ తర్వాతే చద్దన్నం, పల్లె

నెల్లూరు, గూడూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చే కుటుంబాల్లో ఆసుపత్రి పనీ, నాలుగు చోట్లు చూసే పనీ ఒకే ప్రయాణంలో కలిసిపోతాయి. అమ్మకో నాన్నకో షుగరు, గుండె, కిడ్నీ పరీక్షలు. పిల్లలకు సముద్రం. మధ్యలో ఎవరో చెప్పిన చిరుధాన్యాల భోజనం. కలపడంలో తప్పు లేదు, కానీ వరస తప్పితే పరీక్షల ఖర్చంతా వృథా. దిగిన రాత్రే మెస్సులో నెయ్యి, వేపుళ్లతో కడుపునిండా తిని, మర్నాడు పొద్దున రక్తం ఇస్తే ట్రైగ్లిజరైడ్ల (రక్తంలోని ఒక రకం కొవ్వు) అంకె ఆ భోజనాన్నే చూపిస్తుంది, మామూలు ఆరోగ్యాన్ని కాదు. అందుకని ముందు పరీక్షలు, తర్వాత డాక్టరు, ఆ తర్వాతే తిండీ పల్లెలూ.

బస సంగతి ముందు తేల్చుకోవాలి. గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల ఆసుపత్రుల్లో పని ఉంటే అక్కడే నడిచివెళ్లే దూరంలో లాడ్జి చూసుకోవడం మేలు. సెంట్రల్ స్టేషన్ నుంచి మెట్రో నీలం లైనులో మూడో స్టేషన్ థౌజండ్ లైట్స్. రైలు మారనక్కర్లేదు, సామాన్లతో ఆటో బేరం ఆడనక్కర్లేదు. గది చూసేటప్పుడు ఏసీ కన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. లిఫ్టు ఉందా, వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, తెల్లవారుజామున ఐదింటికి వేడినీళ్లు వస్తాయా, గది ఖాళీ చేయాల్సింది మధ్యాహ్నం 12కా లేక దిగినప్పటి నుంచి 24 గంటలకా. మధ్యాహ్నం రైలుకు దిగేవాళ్లకు ఈ చివరి మాట దగ్గరే ఒక రోజు అద్దె తేడా వస్తుంది. రెండు మూడు రోజుల పనికి లాడ్జి చాలు. వారం దాటేలా ఉంటే పొయ్యి ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంటే సరి, ఎందుకంటే పథ్యం ఉన్నవాళ్లకు మూడు పూటలా మెస్సు భోజనం పెట్టలేం. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద సముద్రం పక్కన గది ఎంత బాగున్నా, పరీక్షల రోజుల్లో వద్దు. పరగడుపున ఉన్న పెద్దవాళ్లను పొద్దున్నే ట్రాఫిక్‌లో గంటసేపు కూర్చోబెట్టినట్టవుతుంది.

గదికే వచ్చి రక్తం తీసుకెళ్లే సేవ చెన్నైలో తేలికగా దొరుకుతుంది. నడవలేనివాళ్లకు అది నిజంగా వరం. అయితే రక్తం తీశాక జరిగేదే అసలు సంగతి. ట్యూబులో ఉన్న రక్తకణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. అందుకే షుగరు కోసం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులో తీయాలి. ఎక్కువసేపు తిరిగిన రక్తంలో కణాలు చిట్లితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. వచ్చినబ్బాయిని మూడు విషయాలు అడగండి: బూడిదరంగు ట్యూబు తెచ్చాడా, ట్యూబు మీద పేరూ సమయమూ మన ముందే రాస్తాడా, ఇక్కడి నుంచి తిన్నగా ల్యాబుకేనా లేక ఇంకా పది ఇళ్లు తిరగాలా. తడబడితే ల్యాబుకే వెళ్లి ఇచ్చిరావడం నయం. ల్యాబుల నాణ్యతను చూసే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఒక ల్యాబుకు ఉందంటే అన్ని పరీక్షలకూ ఉన్నట్టు కాదు. ఆ గుర్తింపు పరీక్షల వారీగా ఇస్తారు. మనకు కావలసిన పరీక్ష ఆ జాబితాలో ఉందో లేదో ఎన్ఏబీఎల్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు.

ప్యాకేజీల్లో "80 పరీక్షలు" అని కనబడితే లొంగిపోకండి. ఒక్క రక్తకణాల పరీక్షలోనే ఇరవై దాకా అంకెలు వస్తాయి, వాటిని విడివిడిగా లెక్కేస్తారు. షుగరున్న పెద్దవాళ్లకు ఏటా తప్పక కావలసినవి: పరగడుపు, తిన్న తర్వాత షుగరు, రెండు మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, కొలెస్ట్రాల్ వివరాలు, మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, కంటి రెటీనా పరీక్ష, పాదాల పరీక్ష. చివరి మూడే చౌక ప్యాకేజీల్లో తరచూ కనబడవు. కిడ్నీ, కన్ను, కాలు దెబ్బతినే జబ్బుకు ఆ మూడూ లేని ప్యాకేజీ ఎందుకు?

పరీక్షల రోజు ఇలా నడిస్తే సాఫీగా సాగుతుంది. ముందురోజు రాత్రి ఎనిమిదింటికల్లా ఇడ్లీయో చపాతీయో తేలికగా తినాలి. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు, కాఫీ కూడా. పరగడుపు ఎనిమిది గంటలకు తక్కువ కాకూడదు. మరీ పద్నాలుగు గంటలు దాటనివ్వనూ కూడదు. పొద్దున రక్తం, మూత్రం ఇచ్చాక అదే పరగడుపున పొట్ట స్కానింగ్ చేయించేయాలి. దానికి ఖాళీ కడుపు, నిండు మూత్రాశయం రెండూ కావాలి. నీళ్లు తాగితే పరగడుపు చెడదు గానీ, మూత్రం ఇచ్చేశాకే తాగడం మొదలుపెట్టాలి. టోకెన్ ఇంకా ఎంత దూరంలో ఉందో కనుక్కోకుండా లీటరు నీళ్లు తాగిస్తే ముసలివాళ్లు నరకం చూస్తారు. ఆ తర్వాత టిఫిను. తిన్న తర్వాత షుగరుకు రెండు గంటలు లెక్కపెట్టేది మొదటి ముద్ద నుంచి, చేయి కడిగినప్పటి నుంచి కాదు. ఆ పూట ఇంట్లో రోజూ తినేదే, తినేంతే తినాలి, వేసుకునే మాత్ర, ఇన్సులిన్ వేసుకోవాలి. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పరీక్ష కదా అని మాత్ర మానేస్తారు, ఆకలి మీద మూడు దోసెలు తింటారు. వచ్చిన అంకె చూసి డాక్టరు మందు పెంచుతారు, ఊరెళ్లాక షుగరు పడిపోతుంది. ట్రెడ్‌మిల్ పరీక్ష ఉంటే తిన్న రెండు గంటల తర్వాత, బూట్లతో. కంటి పరీక్ష అన్నిటికన్నా చివర. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక నాలుగు నుంచి ఆరు గంటలు చూపు మసకగా ఉంటుంది, ఎండ భరించలేరు. ఆ సాయంత్రం మెరీనా అనుకోవద్దు.

గ్లూకోజు తాగించి చేసే పరీక్షకు ఇంకో మెలిక ఉంది. 75 గ్రాముల గ్లూకోజును 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగాలి. ఫలితం బాగా రావాలని అంతకుముందు మూడు రోజులు అన్నం మానేసేవాళ్లున్నారు. అలా చేస్తే శరీరం ఒక్కసారిగా వచ్చిన గ్లూకోజును సర్దుకోలేక అంకె ఎక్కువ వస్తుంది. ఆ మూడు రోజులూ పిండిపదార్థం రోజుకు 150 గ్రాములకు తగ్గకూడదు. ఇనుము లోపించిన రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లలో దాన్ని నమ్మడానికి లేదు. జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు చాలా రకాల థైరాయిడ్ పరీక్షలను తప్పుదారి పట్టిస్తాయి. కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపి, ల్యాబులో ఆ సంగతి చెప్పాలి.

పరీక్షలైపోయాక తిండికి వద్దాం. చెన్నై ఈ విషయంలో ఎంతో ఇస్తుంది. పొద్దుటిపూట చిన్న హోటళ్లలో, బళ్ల మీద పళయ సోరు దొరుకుతుంది, అంటే మన చద్దన్నమే. ఎండాకాలంలో సజ్జ, రాగి కూళు బళ్లు, మన అంబలికి దగ్గరి చుట్టం. ఇక్కడి స్టాన్లీ ప్రభుత్వ వైద్య కళాశాల వైద్యులు పేగుల్లో పుండ్లు పడే జబ్బులున్న రోగుల విషయంలో ఈ చద్దన్నం మీదే పరిశోధనకు పూనుకున్నారు. పెద్దల మాట చద్దిమూట అని ఊరికే చెప్పుకోవడం కాకుండా దాన్ని పరీక్షకు పెట్టడం గర్వించాల్సిన పని. అందుకే దాని చుట్టూ తిరిగే తప్పుడు లెక్కలను వదిలించుకోవాలి. రాత్రి నానితే 3.4 మిల్లీగ్రాముల ఇనుము 73.91 అవుతుందని అందరికీ చేరిన అంకె ఒకటుంది. ఇనుము మూలకం. పులిసినంత మాత్రాన కొత్తగా పుట్టదు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో పాలిష్ పట్టిన వంద గ్రాముల పచ్చిబియ్యంలో ఉన్నదే సుమారు 0.65 మిల్లీగ్రాములు. పులియడం వల్ల, ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ తగ్గి, ఉన్న ఇనుము ఒంటికి మరికాస్త బాగా పట్టే వీలుంది. అంతవరకే నిజం.

చద్దన్నం చేసే తీరులోనూ జాగ్రత్త కావాలి. వండిన అన్నం వేడి తగ్గగానే, కాచి చల్లార్చిన నీళ్లు అన్నం మీద రెండు వేళ్ల ఎత్తు పోసి మూతపెట్టాలి. చెన్నై ఉక్కలో ఎనిమిది నుంచి పది గంటలు చాలు. మధ్యాహ్నం నుంచి విప్పి ఉంచిన అన్నంలో రాత్రి నీళ్లు పోస్తే, పులుపు పుట్టేలోపే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విషం తయారుచేసే వీలుంది. వేడి చేసినా ఆ విషం పోదు. చల్లారిన అన్నంలో అరగని పిండి కొంత పెరుగుతుంది గానీ, అన్నం అన్నమే. షుగరున్నవాళ్లకు పరిమాణమే లెక్క. బీపీ ఉన్నవాళ్లు నంజుకునే ఊరగాయ తగ్గించాలి. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. బండి దగ్గర కుండ మీద మూత, గరిటె పట్టే చేయి, నీళ్లు ఎక్కడివి, ఈ మూడూ చూసి నచ్చకపోతే ముందుకు నడవండి.

చిరుధాన్యాలు కొనేవాళ్లకు ఇక్కడి పేర్లు: తినై కొర్రలు, సామై సామలు, వరగు అరికెలు, కుదిరైవాలి ఊదలు, కంబు సజ్జలు, కేళ్వరగు రాగులు. తెల్లగా మెరిసిపోతూ పది నిమిషాల్లో ఉడికిపోయేవి పాలిష్ పట్టినవి. ఇక్కడి మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ పరిశోధకులు ఐదు చిరుధాన్యాల మీద చేసి 2023లో ప్రచురించిన పనిలో, తవుడు తీసేకొద్దీ పీచు, మాంసకృత్తులు, ఖనిజాలు తగ్గి పిండిపదార్థం పెరిగింది. తవుడున్న గింజలో నూనె ఉంటుంది కాబట్టి త్వరగా మక్కు వాసన వస్తుంది. రెండు కిలోలు చాలు, బస్తా కొనకండి. 2025లో, దేశవ్యాప్తంగా షుగరు సర్వే చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ బృందం ప్రచురించిన ఆహార విశ్లేషణ ఇంకా సూటిగా చెప్పింది: మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా తెల్లబియ్యం బదులు గోధుమో చిరుధాన్యమో మార్చినంత మాత్రాన షుగరు ముప్పు తగ్గినట్టు కనబడలేదు. కొర్రన్నం రెండు పళ్లేలు తినేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పొట్లం మీద గ్లైసీమిక్ ఇండెక్స్ (తిండి రక్తంలో షుగరును ఎంత పెంచుతుందో చెప్పేది) అంకె కనబడితే దాని వెనక పని తెలిసుండాలి. కనీసం పదిమంది ఆరోగ్యవంతులు, 50 గ్రాముల జీర్ణమయ్యే పిండిపదార్థం ఉన్నంత తిండి, రెండు గంటలపాటు 0, 15, 30, 45, 60, 90, 120 నిమిషాలకు వేలి రక్తం, గ్లూకోజుతో పోలిక. అంకె 55, ఆలోపు ఉంటే తక్కువ; 70, ఆపైన ఉంటే ఎక్కువ. అది వండిన తీరుకు వచ్చిన అంకె, గింజకు కాదు. సన్నరవ్వ ఉప్మాకు, పొడిపొడిగా వండిన అన్నానికి ఒకే అంకె రాదు. మన ఒంటికి ఏది పడుతుందో చూడాలంటే 50 గ్రాముల పచ్చిగింజ తూచి వండి, అదే కూరతో, తినకముందు, గంటకు, రెండు గంటలకు షుగరు చూడాలి. మరో రోజు బియ్యంతో అలాగే. ఇంటి మీటరులో 15 శాతం దాకా తేడా మామూలే కాబట్టి పది పదిహేను అంకెల తేడాను గెలుపు అనుకోకూడదు.

పల్లె చూపించాలంటే పెద్దవాళ్లతో పూట తిరగడానికి ముట్టుకాడులోని దక్షిణచిత్ర సరిపోతుంది. 1996లో తెరిచారు, మంగళవారం సెలవు. అది నిజం పల్లె కాదు, పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన చోటు. విశాఖ తీరపు చుట్టిల్లు అక్కడ ఉంది, గాలివానను తట్టుకునే ఆ గుండ్రటి మట్టిగోడలను పిల్లలకు తప్పక చూపించాలి. ఎండెక్కకముందే వెళ్లండి, మట్టిబాటల మీద చక్రాల కుర్చీ కష్టం.

నెల్లూరు వైపు తిరిగి వెళ్లేవాళ్లు నేలపట్టు దగ్గర ఆగితే అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులను చూడొచ్చు. దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే చాలు. పళవేర్కాడు (పులికాట్) వైపు వెళితే చేపల కూర బాగుంటుంది, పడవ మాత్రం వద్దు. 2011 డిసెంబరు 25న అక్కడ పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు.

చిరుధాన్యాలు పండే చోటే చూడాలనుకుంటే నామక్కల్ జిల్లా కొల్లి కొండలు. తరమణిలోని ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ అక్కడ చాలా ఏళ్లుగా సామలు, కొర్రల పాత రకాలను నిలబెట్టింది, ఆడవాళ్ల రోకటి కష్టం తగ్గించే చిన్న మరలు పెట్టించింది. కానీ ఘాట్ రోడ్డులో 70 హెయిర్‌పిన్ మలుపులు. గుండె, కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లను పరీక్షల మర్నాడే ఎక్కించొద్దు. ఎక్కడ దిగినా పల్లె బసను ముందే అడగాల్సినవి: తాగే నీళ్లు ఎక్కడివి, రాత్రి డాక్టరుండే ఆసుపత్రి ఎంత దూరం, ఫ్రిజ్ ఉందా, టిఫిను ఎన్నింటికి. వాడుతున్న ఇన్సులిన్ సీసా 30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది, ఎండలో ఆపిన కారులో ఒక్క మధ్యాహ్నానికే పాడవుతుంది. పొద్దున ఏడింటికి ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు తొమ్మిదిన్నరకు టిఫిను పెట్టే చోటు ఎంత అందమైనదైనా పనికిరాదు.

తిరుగు టికెట్టు మాత్రం రిపోర్టులు చూసి తీసుకోండి. షుగరు, క్రియాటినిన్ ఆ సాయంత్రానికే వస్తాయి, మూత్రం కల్చర్‌కు రెండు రోజులైనా పడుతుంది. ఫోనుకు వచ్చే పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకుండా స్కానింగ్ బొమ్మలను సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తెచ్చుకుంటే, ఊళ్లో డాక్టరు మళ్లీ అదే స్కాన్ రాయనక్కర్లేదు.