కొత్త డీజిల్ కారు కొనేవారికి జాగ్రత్త: సర్వీస్ సెంటర్‌లో మన ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డులో ఏం రాశారో చదవకుండా సంతకం చేయకండి

2023 దసరాకు రూ.17 లక్షల 40 వేలు పెట్టి మేము కొన్న డీజిల్ ఎస్‌యూవీ ఇప్పటికి 11 సార్లు సర్వీస్ సెంటర్ మెట్లెక్కింది. అందులో ఒక్క విడతలోనే 43 రోజులు అక్కడ ఉండిపోయింది. ఇంజన్‌లో ఉన్న లోపం ఒక ఎత్తయితే, ఆ లోపం ఉందని వాళ్ల చేత ఒప్పించడానికి మేము పడిన పాట్లు మరో ఎత్తు. వ్యవహారం ప్రస్తుతం జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉంది కాబట్టి కంపెనీ పేరు గాని, డీలరు పేరు గాని రాయడం లేదు. అయితే మాకు జరిగిన నష్టంలో సగం, సమయానికి చేయవలసిన చిన్న చిన్న పనులు చేయకపోవడం వల్ల జరిగింది. ఆ సగం మీకు జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను విజయవాడలో ఒక కళాశాలలో పాఠాలు చెబుతాను. ఇంటి నుంచి కళాశాలకు 6 కిలోమీటర్లు. బెంజి సర్కిల్ దగ్గర ఆగుతూ కదులుతూ వెళ్లేసరికి అరగంట పడుతుంది. బండి కొనేటప్పుడు షోరూమ్‌లో సన్‌రూఫ్ గురించి, ఎయిర్‌బ్యాగుల గురించి, మైలేజీ గురించి గంటసేపు చెప్పారు గాని, రోజుకు ఎంత దూరం తిరుగుతారు, ఊళ్లోనా హైవే మీదా అన్న ప్రశ్న ఒక్కరూ అడగలేదు. డీజిల్ బండి విషయంలో అన్నిటికన్నా ముందు అడగవలసింది అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్‌-6 నిబంధనలు వచ్చాక మన దగ్గర అమ్ముతున్న డీజిల్ కార్ల పొగ గొట్టంలో మసిని పట్టి ఉంచే వడపోత పరికరం ఒకటి ఉంటోంది. మెకానిక్కులు దాన్ని డీపీఎఫ్ అంటారు. అందులో మసి నిండినప్పుడు ఇంజన్ తనంతట తానే కొంత డీజిల్‌ను అదనంగా చిమ్మి, దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టించి, ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఇది పూర్తి కావాలంటే బండి కొంతసేపు ఒకే వేగంతో, ఆగకుండా పరుగెత్తాలి. ఆరు కిలోమీటర్లు వెళ్లి ఇంజన్ ఆపేస్తే ఆ పని సగంలోనే నిలిచిపోతుంది. అలా పదే పదే జరిగితే కాలకుండా మిగిలిన డీజిల్ పిస్టన్ రింగులను దాటి కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. పలచబడిన ఆయిల్‌తో బేరింగులు, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో అరిగిపోతాయి. మా బండిలో దీనికి తోడు ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒకటి మొదటి నుంచీ కారుతోందని ఎనిమిది నెలల తరువాత బయటపడింది. అంటే మా వాడకం తీరు వల్ల రాగల ఇబ్బంది, తయారీలో వచ్చిన లోపం, రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వాళ్లు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కప్పిపుచ్చారు.

2024 జనవరిలో, బండి 2,900 కిలోమీటర్లు తిరిగినప్పుడు, డీపీఎఫ్ హెచ్చరిక లైటు మొదటిసారి వెలిగింది. సర్వీస్ అడ్వైజర్ ఏలూరు వైపు హైవే మీద 60 కిలోమీటర్లకు తగ్గని వేగంతో అరగంట నడపమన్నాడు. నడిపితే లైటు ఆరిపోయింది. సరిగ్గా 260 కిలోమీటర్లకు మళ్లీ వెలిగింది. ఈసారి అతను స్కానర్ పెట్టి చూసి, లోపాలను సూచించే కోడ్లు ఏవో తుడిచేసి, "సార్, బండిలో ఏమీ లేదు, మీరు నడిపే పద్ధతి మార్చుకోవాలి" అన్నాడు. నేను నమ్మాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే పని కట్టుకుని హైవే మీద 40 కిలోమీటర్లు నడిపి వచ్చేవాణ్ని. అయినా లైటు రావడం మానలేదు. స్కానర్‌లో కనిపించిన కోడ్లేమిటో కాగితం మీద ఇమ్మని అడగాలని నాకు తోచలేదు. తుడిచేసిన కోడ్లతో పాటు మా సాక్ష్యం కూడా తుడిచిపెట్టుకుపోయింది.

ఏప్రిల్‌లో ఆటోనగర్‌లో టైర్ల గాలి చూపించుకుంటున్నప్పుడు అక్కడి పాత మెకానిక్ ఒకాయన బానెట్ తీయించి, ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్, బయటికి లాగి, వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు. "డీజిల్ వాసన కొడుతోంది మాస్టారూ. ఆయిల్ తగ్గాలి గాని పెరగడమేంటి? నన్ను మాత్రం ముట్టుకోమనకండి, వారంటీ పోయిందంటారు. కంపెనీ వాళ్లకే చూపించండి" అన్నాడు. గరిష్ఠ గీత కంటే ఆయిల్ వేలెడంత పైకి ఉంది. ఆ డిప్‌స్టిక్‌కు ఫోటో తీయడం ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మొదటి తెలివైన పని. డీజిల్ బండి ఉన్నవాళ్లందరూ నెలకోసారి, ఇంజన్ చల్లారాక, చదునైన చోట నిలిపి డిప్‌స్టిక్ చూసుకోండి. ఆయిల్ తగ్గినా, పెరిగినా ఫోటో తీసి తేదీతో సహా దాచండి.

ఆ ఫోటో చూపిస్తే సర్వీస్ సెంటర్ వాళ్లు ఆయిల్ మార్చి, ఆయిల్ వారంటీలోకి రాదంటూ రూ.6,800 బిల్లు వేశారు. ఆయిల్‌లోకి డీజిల్ ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. మే నెలలో ఐదోసారి వెళ్లినప్పుడూ ఇదే తంతు.

జూన్‌లో 74 ఏళ్ల మా అమ్మకు కంటి పరీక్ష కోసం హైదరాబాద్ బయలుదేరాం. సూర్యాపేట దాటుతుండగా డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి, బండి బలం పోయి, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా 40 కిలోమీటర్ల వేగం దాటలేదు. వెనక లారీలు, పక్కన బస్సులు, ఎండ మండిపోతోంది, అమ్మ బీపీ మనిషి. రోడ్డు పక్కకు తీసి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే బండిని తీసుకెళ్లే వాహనం మూడున్నర గంటలకు వచ్చింది. ఉచితంగా తీసుకెళ్లేది 50 కిలోమీటర్లు మాత్రమేనని, విజయవాడ దాకా రావాలంటే మిగిలిన దూరానికి డబ్బు కట్టాలని అక్కడ చెప్పారు. కట్టాం. అమ్మను బస్సెక్కించి నేను బండి వెంట తిరిగి వచ్చాను. ఆ మూడున్నర గంటలు రోడ్డు పక్కన ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ కూర్చున్న తీరు నేను మరిచిపోలేను.

వారం తరువాత డీలరు నుంచి ఫోన్ వచ్చింది. కల్తీ డీజిల్ వల్ల ఇంజెక్టర్ పాడైందని, వారంటీ వర్తించదని, లక్షా 12 వేలు అవుతుందని చెప్పారు. నా దగ్గర ఇంధనం పోయించిన ప్రతిసారి ఆన్‌లైన్‌లో చెల్లించిన రసీదులు ఉన్నాయి. అన్నీ ఒకే బంకువి. "కల్తీ అని ఏ ల్యాబ్‌లో పరీక్ష చేయించారు? ఆ రిపోర్టు ఇవ్వండి, తిరస్కరించిన సంగతి రాతపూర్వకంగా ఇవ్వండి" అని అడిగాను. రిపోర్టు లేదు. రాతపూర్వకంగా ఇవ్వడానికి పది రోజులు నాన్చి, చివరికి ఒక రోజు "కంపెనీ వారు గుడ్‌విల్ కింద ఒప్పుకున్నారు" అంటూ ఇంజెక్టర్ ఉచితంగా మార్చారు. కల్తీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మీకూ ఈ మాట వినిపిస్తే భయపడి డబ్బు కట్టకండి, కాగితం అడగండి. అయితే గుడ్‌విల్ అన్న మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు. వారంటీ కింద మార్చారంటే లోపాన్ని ఒప్పుకున్నట్టు. గుడ్‌విల్ కింద మార్చారంటే మన మీద దయ చూపినట్టు. బిల్లులో ఆ రెంటిలో ఏది రాశారో చూసుకోవాలి.

అక్టోబరులో లైటు మళ్లీ వెలిగింది. ఈసారి టర్బో దగ్గర ఈల వేసినట్టు శబ్దం కూడా మొదలైంది. నెలల తరబడి పలచని ఆయిల్‌తో తిరిగిన టర్బో అరిగి ఉంటుందన్నది నా అనుమానం. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టాను. వచ్చిన జవాబు చదివి కాసేపు నోట మాట రాలేదు. "మా రికార్డుల ప్రకారం మీ వాహనానికి ఇంజన్‌కు సంబంధించిన ఫిర్యాదు గతంలో ఒక్కసారి మాత్రమే నమోదైంది, అది పరిష్కారమైంది" అని ఉంది. ఇంటికి వెళ్లి జాబ్ కార్డులన్నీ తీసి వరసగా పేర్చి చూశాను. సూర్యాపేట సంఘటనకు ముందు వెళ్లిన ఐదు సార్లలో నాలుగు సార్లు, ఫిర్యాదు రాయవలసిన చోట "సాధారణ తనిఖీ, వాషింగ్" అని ఉంది. ఒక దానిలో మాత్రం "లైటు వస్తోంది" అని రెండు మాటలున్నాయి. కింద ఐదింటిలోనూ నా సంతకం ఉంది. నేను నోటితో చెప్పిన లైటు, బలం తగ్గడం, ఆయిల్ పెరగడం, ఏదీ కాగితం మీదికి ఎక్కలేదు. నెలల తరబడి మేము పడిన అవస్థ వాళ్ల లెక్కలో నాలుగు కార్ వాష్‌లు.

ఫీడ్‌బ్యాక్ ఫోన్ల సంగతి కూడా చెప్పాలి. బండి తీసుకునే ముందు సర్వీస్ అడ్వైజర్లు "సార్, కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, పదికి పది ఇవ్వండి, తక్కువిస్తే మా జీతం కోస్తారు" అని బతిమాలతారు. ఆ కుర్రాళ్ల మీద జాలితో నేను రెండుసార్లు పది ఇచ్చాను. ఆ రెండు పదులూ తరువాత కంపెనీ జవాబులో "కస్టమర్ పూర్తి సంతృప్తి వ్యక్తం చేశారు" అన్న వాక్యమై తిరిగొచ్చాయి. ఇంకోసారి ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమన్నారు. గేట్ పాస్ కోసమనుకుని చెప్పాను. అది ఫిర్యాదును మూసివేయడానికి వచ్చిన ఓటీపీ. లోపం పోయిందని మీకు నమ్మకం కుదిరే దాకా మార్కులు ఇవ్వకండి, ఓటీపీ వచ్చిన సందేశం పూర్తిగా చదవకుండా ఎవరికీ చెప్పకండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. దాని వల్ల కంపెనీ ప్రాంతీయ కార్యాలయం నుంచి ఒక ఇంజనీరు వచ్చి బండి చూసి వెళ్లాడు గాని, అతని నివేదిక మాకు ఇవ్వలేదు. ఇక 2025 జనవరిలో లాయరు నోటీసు పంపి, తరువాత జిల్లా కమిషన్‌లో కేసు వేశాం.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపయితే జిల్లా కమిషన్ చాలు. 10 నుంచి 20 లక్షల మధ్య ధరకు ఫీజు 400 రూపాయలే. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. అయితే రెండేళ్ల గడువు ఉంది. "వచ్చే వారం చూద్దాం సార్" అంటూ వాళ్లు తిప్పించుకునే రోజులన్నీ ఆ గడువులోంచే పోతాయని గుర్తుంచుకోండి.

కేసు వేసిన వెంటనే కొత్త కారు ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి. వారంటీ షరతుల్లో లోపమున్న భాగాన్ని మారుస్తామని ఉంటే, ఆ షరతు ఆ భాగానికే పరిమితమని, మొత్తం కారును మార్చమనడం కుదరదని 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. 2021లో మరో కేసులో, డీలరు చేసిన తప్పు సంగతి తయారీ కంపెనీకి తెలుసునని చూపించకుండా ఆ బాధ్యతను కంపెనీపై మోపలేమని తేల్చింది. అందుకే మొదటి ఫిర్యాదు నుంచే డీలరుకు రాసే ప్రతి ఈమెయిల్‌నూ కంపెనీకి కూడా పంపాలి. "మా దృష్టికి రాలేదు" అన్న మాటకు అదొక్కటే అడ్డుకట్ట. న్యూజెర్సీలో ఉంటున్న మా తమ్ముడు ఇదంతా విని ఆశ్చర్యపోయాడు. అమెరికాలో ఇలాంటి బండ్ల కోసమే రాష్ట్రాలకు ప్రత్యేక చట్టాలున్నాయి. 1982లో కనెక్టికట్‌తో మొదలయ్యాయి. ఒకే లోపానికి కొన్నిసార్లు రిపేరు చేసినా బాగుపడకపోతే బండి మార్చడమో, డబ్బు తిరిగివ్వడమో చేయాలి. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ వల్ల, 2021 ఏప్రిల్ నుంచి, ఏడేళ్ల లోపు వాహనాల్లో లోపాల గురించి యజమానులు ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే వీలు వచ్చింది. ఒకే మోడల్‌పై నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు చేరితే ప్రభుత్వం ఆ బండ్లను వెనక్కి రప్పించమని కంపెనీని ఆదేశించవచ్చు. మీ బండిలో ఇలాంటి లోపముంటే అక్కడ తప్పకుండా నమోదు చేయండి. ఒక్కరి ఫిర్యాదు అక్కడ ఒంటరిది కాదు.

ఇప్పుడు నేను సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు ఫిర్యాదును తెల్లకాగితం మీద రాసుకుని వెళ్తున్నాను. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, లైటు ఏ రోజు వచ్చింది, ఏ వేగంలో బలం తగ్గింది, ఆయిల్ ఎక్కడి దాకా ఉంది, అన్నీ అందులో ఉంటాయి. ఆ మాటలనే జాబ్ కార్డులో ఎక్కించమని నిలబడి రాయిస్తాను. మొదటిసారి అడ్వైజర్ "అంత రాయడానికి సిస్టమ్‌లో చోటు లేదు సార్" అన్నాడు. అయితే నా కాగితాన్నే జతచేసి ముద్ర వేసి ఇవ్వమన్నాను. ఇచ్చాడు. బండి తిరిగి తీసుకునేటప్పుడు స్కానర్ రిపోర్టు ప్రింటు తీయించుకుంటాను. ఇవ్వనంటే, అడిగాను ఇవ్వలేదని గేట్ పాస్ మీదే రాసి సంతకం చేస్తాను. పాత సంతకాల్లా కాకుండా ఇవి ఎప్పుడైనా నా పక్షాన మాట్లాడతాయి.

ఇంకా కొనని వారికి ఒక మాట. మీ రోజువారీ ప్రయాణం పది కిలోమీటర్ల లోపు, అదీ ఊళ్లోనే అయితే, ఏ కంపెనీదైనా డీజిల్ బండి వైపు వెళ్లకండి. తప్పదనుకుంటే డబ్బు కట్టకముందే వాహనం మాన్యువల్ అడిగి తీసుకుని డీపీఎఫ్ గురించి, వారంటీ వర్తించని సందర్భాల గురించి రాసిన పేజీలు షోరూమ్‌లోనే కూర్చుని చదవండి.

బండిని నిపుణుడి చేత పరీక్ష చేయించమని కమిషన్‌ను కోరాం. ఆ నివేదిక వచ్చే దాకా ఇంజన్‌ను ఎవరూ విప్పకూడదని లాయరుగారు చెప్పడంతో బండి ఇంటి ముందు కవరు కప్పి ఉంది. నెలకు రూ.31,200 కిస్తీ మాత్రం ఐదో తేదీన బ్యాంకు నుంచి కట్ అవుతోంది. నేను కళాశాలకు స్కూటరు మీద వెళ్తున్నాను.