క్యాజువాల్టీలో సందేహం వస్తే ఏది మేలు: బండి మీది కార్డా, చేతిలోని ఫోనా, పక్కనున్న సిస్టరా?

ఎమర్జెన్సీ నర్సుకు డ్యూటీలో వచ్చే సందేహాలు రెండు రకాలు. కొన్నింటికి జవాబు నిమిషంలోపే కావాలి: ఎన్ని ఆంప్యూళ్లు (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు గొట్టాలు) పగలగొట్టాలి, ఎందులో కలపాలి, సిరంజ్ పంప్ మీద గంటకు ఎంత పెట్టాలి. మరికొన్నింటికి పది నిమిషాలు ఆగొచ్చు గానీ జవాబు మాత్రం తప్పకూడదు: ఈ రెండు మందులు ఒకే లైన్‌లో ఎక్కించొచ్చా, రోగి తాగిన పురుగుల మందుకు విరుగుడు ఉందా, కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి ఈ మోతాదు సరిపోతుందా. ఈ తేడా పట్టించుకోకుండా ‘యాప్ మేలా, చార్ట్ మేలా’ అని వాదించుకుంటే ఎటూ తేలదు.

మా అభిప్రాయం ముందే చెబుతాం. మొదటి రకానికి, మీ క్రాష్ కార్ట్‌లో, అంటే అత్యవసర మందుల బండిలో, ఉన్న ఆంప్యూళ్లను చూసి మీరే రాసుకున్న కార్డును మించినది లేదు. రెండో రకానికి ఫోన్ మేలు, వెతకడం నేర్చినవారి చేతిలో ఉంటేనే. సీనియర్ సిస్టర్‌ని రెండు చోట్లా వాడుకోవాలి, ముఖ్యంగా లెక్క సరిచూడటానికి. ఈ మూడూ పనిచేయాలంటే ఆసుపత్రి చేయవలసినవి కొన్ని ఉన్నాయి. అవి లేకపోతే నర్సు ఎంత నేర్చినా ఆ నేర్పు ఉపయోగపడదు.

కార్డు

కార్డుకున్న బలం, అది మన మందుల షాపు భాషలో ఉంటుంది. ఉదాహరణకు అట్రోపిన్. విదేశీ యాప్‌లు మిల్లీగ్రాముల్లో చెబుతాయి. మన దగ్గర ఒక ఎంఎల్ ఆంప్యూల్‌లో ఉండేది 0.6 ఎంజీ. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగిన పెద్దవాళ్లకు తొలి మోతాదు 1.8 నుంచి 3 ఎంజీ, అంటే మూడు నుంచి ఐదు ఆంప్యూళ్లు. ఊపిరితిత్తుల్లో గరగర తగ్గి, గుండె వేగం 80 దాటి, పై బీపీ 80కి మించేదాకా ఐదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తారు. మూడుతో మొదలుపెడితే తర్వాత ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు. నాలుగో విడత అయ్యేసరికి నలభై ఐదు ఆంప్యూళ్లు ఖర్చవుతాయి, పట్టే సమయం పదిహేను నిమిషాలు. కార్డు మీద ‘ఎంజీ’ పక్కన ‘ఆంప్యూళ్లు’ అని కూడా రాసి ఉంటే, ఒక మనిషిని కేవలం ఆంప్యూళ్లు పగలగొట్టి లోడ్ చేయడానికే పెట్టాలన్న సంగతి మొదటి నిమిషంలోనే అర్థమవుతుంది. స్టాక్ చాలదని ఫార్మసీకి కబురు అప్పుడే వెళుతుంది. ఏ యాప్ ఈ సంగతి చెప్పదు.

ఇన్సులిన్ ఇంకో ఉదాహరణ. ఇక్కడ వయల్ ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లది. పెన్ కార్ట్రిడ్జ్ 100 యూనిట్లది. 100 యూనిట్ల మందును 40 సిరంజితో పది గీత దాకా తీస్తే వెళ్లేది 25 యూనిట్లు. 40 యూనిట్ల మందును 100 సిరంజితో పది గీతకు తీస్తే వెళ్లేది నాలుగే. మొదటి తప్పుకు షుగర్ పడిపోతుంది, రెండో తప్పుకు కీటోఅసిడోసిస్ (షుగర్ మితిమీరి రక్తం ఆమ్లంగా మారే స్థితి) తగ్గదు. రెండు సందర్భాల్లోనూ కేస్ షీట్‌లో ‘10 యూనిట్లు ఇచ్చాం’ అనే ఉంటుంది కాబట్టి, తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత ఎవరికీ దొరకదు.

కార్డు తయారుచేసే పద్ధతి ఇది. క్రాష్ కార్ట్ తెరిచి, తరచూ వాడే పది పన్నెండు మందుల్లో ఒక్కో ఆంప్యూల్ బయట పెట్టండి. లేబుల్ మీదున్నది ఉన్నట్టు రాసుకోండి. ఒక ఆంప్యూల్‌లో ఎంత మందు, మొత్తం ఎన్ని ఎంఎల్, ఎందులో కలపాలి, ఎందులో కలపకూడదు, ఎంత వేగంగా ఇవ్వాలి అన్నవి ఒక్కో వరుసలో. ఫిట్స్ ఆపే ఫెనిటాయిన్ వరుస ఇలా ఉంటుంది: కిలోకు 20 ఎంజీ, 60 కిలోలకు 1200 ఎంజీ, అంటే 100 ఎంజీ ఆంప్యూళ్లు పన్నెండు, 100 ఎంఎల్ నార్మల్ సెలైన్‌లో మాత్రమే, నిమిషానికి 50 ఎంజీ దాటకూడదు, కాబట్టి కనీసం 24 నిమిషాలు, మానిటర్ పెట్టి ఉంచాలి. డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే గడ్డకట్టి లైన్‌లో తెల్లగా దిగిపోతుంది. గుండె లయ సరిచేసే అమియోడరోన్ దీనికి వ్యతిరేకం, అది 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే. ఈ రెండింటినీ పక్కపక్క వరుసల్లో రాయండి, తేడా కంటికి ఆనుతుంది.

పంప్ మీద ఎక్కించే మందులకు 40, 50, 60, 70, 80 కిలోల బరువులకు గంటకు ఎన్ని ఎంఎల్ అన్నది ముందే లెక్కకట్టి పెట్టాలి. మోతాదును బరువుతో, తర్వాత 60తో గుణించి, ఎంఎల్‌కు ఉన్న మైక్రోగ్రాములతో భాగించడమే లెక్క. బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ 4 ఎంజీని 50 ఎంఎల్ చేస్తే ఎంఎల్‌కు 80 మైక్రోగ్రాములు. 60 కిలోల రోగికి నిమిషానికి కిలోకు 0.1 మైక్రోగ్రాము చొప్పున అయితే గంటకు 4.5 ఎంఎల్. అయితే ఇక్కడే పెద్ద గుంట ఉంది. 2 ఎంజీ నార్‌అడ్రినలిన్ బైటార్ట్రేట్‌లో అసలు నార్‌అడ్రినలిన్ ఒక్క ఎంజీయే. లేబుల్ మీద కొన్ని కంపెనీలు లవణం బరువు పెద్ద అక్షరాల్లో రాస్తాయి, కొన్ని అసలు మందు బరువు రాస్తాయి. పర్చేజ్ విభాగం బ్రాండ్ మార్చిన రోజున కార్డు మారకపోతే, అదే 4.5 ఎంఎల్‌కు సగం మోతాదే వెళుతుంది. రోగి బీపీ ఎందుకు లేవడం లేదో తెలియక రాత్రంతా అవస్థ పడాలి.

కార్డుకున్న లోపం కూడా ఇదే: దానికి తెలియకుండానే పాతబడుతుంది. అందుకే మూలలో తేదీ, రాసినవారి, సరిచూసినవారి సంతకాలు ఉండాలి. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు స్టోర్ నుంచి ఇన్‌చార్జ్ సిస్టర్‌కు ఒక చీటీ రావాలి. పాత కార్డును చించేయాలి, డ్రాయర్‌లో దాచుకోవద్దు. రాతలో 0.5 అని రాయండి, సున్నా లేకుండా చుక్క 5 అని రాస్తే చుక్క కనబడదు. 5 అని చాలు, 5.0 వద్దు. ‘యూనిట్లు’ పూర్తిగా రాయండి, పొట్టి అక్షరం సున్నాలా కనబడి పదింతలు ఇచ్చిన తప్పులు ప్రపంచమంతా జరిగాయి. కార్డు బండికి వేలాడాలి. మానిటర్ వెనక గోడకు అంటించిన చార్ట్‌ను ఎవరూ చదవలేరు.

ఫోన్

గాంధీ, ఉస్మానియా లాంటి పెద్దాసుపత్రులకు మెదక్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి రెఫర్ అయ్యే విషప్రయోగం కేసుల్లో, ఫోన్‌లో బాగా వెతకగల నర్సు రోగి ప్రాణాన్ని కాపాడే పని చేస్తుంది. బంధువులు ‘పురుగుల మందు తాగాడు’ అంటారు, లేదా బ్రాండ్ పేరు చెబుతారు. బ్రాండ్ పేరుతో వెతికితే అమ్మకం పేజీలు వస్తాయి. డబ్బా తెమ్మనండి, లేకపోతే ఇంట్లో ఉన్నవాళ్ల చేత ఫొటో తీయించి పంపించమనండి. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు, శాతం చూడండి: క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఈసీ, పారాక్వాట్ డైక్లోరైడ్ 24 శాతం ఎస్ఎల్ అని ఉంటుంది (ఈసీ, ఎస్ఎల్ అన్నవి ద్రవం రకాన్ని చెప్పే గుర్తులు). ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విషం తీవ్రతను చూపిస్తాయి, లోపల ఏముందో చెప్పవు. ఆ అసలు పేరుతో వెతికితేనే దారి తెలుస్తుంది. క్లోర్‌పైరిఫాస్ అయితే అట్రోపిన్ మొదలుపెట్టాలి. పారాక్వాట్ అయితే అలవాటుగా ఆక్సిజన్ మాస్క్ పెట్టేయకూడదు. ఆక్సిజన్ ఊపిరితిత్తుల నాశనాన్ని పెంచుతుంది కాబట్టి, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగా పడిపోతేనే డాక్టర్ చెప్పినంత ఇస్తారు. ఇది చాలామందికి చేతి వేళ్ల మీద ఉండే విషయం కాదు, అందుకే వెతకడం వచ్చి తీరాలి.

పాముకాటులో ఫోన్ తప్పుదారి కూడా పట్టిస్తుంది. ఇంగ్లిష్‌లో వెతికితే ముందు వచ్చేవి అమెరికా పేజీలు. అక్కడి పాములు వేరు, విరుగుడు వేరు, వయళ్ల లెక్క వేరు. మనది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేసే పాలీవాలెంట్ మందు. మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం తొలి మోతాదు 8 నుంచి 10 వయళ్లు, ఒక్కోదాన్ని 10 ఎంఎల్‌లో కరిగించాలి. ఊపకూడదు, నురగ వస్తుంది, చేతిలో మెల్లగా తిప్పాలి. పిల్లలకూ అదే మోతాదు, బరువును బట్టి తగ్గించరు. రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ 0.5 ఎంజీ పక్కన లోడ్ చేసి ఉంచాలి. ఇరవై నిమిషాల్లో రక్తం గడ్డకడుతుందా అని చూసే క్లాటింగ్ పరీక్షకు పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబే కావాలి. ప్లాస్టిక్ ట్యూబ్‌లో గానీ సబ్బుతో కడిగిన ట్యూబ్‌లో గానీ చేస్తే ఫలితం తప్పుతుంది.

అందుచేత ఫోన్‌లో వెతికేటప్పుడు వరుస ఇది. ముందు దేశీయ మూలం: ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వారి నేషనల్ ఫార్ములరీ (మందుల వివరాల పుస్తకం), ఆరోగ్య శాఖ ప్రామాణిక చికిత్సా మార్గదర్శకాలు. తర్వాత విదేశీ యాప్. పేజీ ఎవరు రాశారు, ఏ సంవత్సరంలో సవరించారు అన్నవి కనబడకపోతే దాన్ని వదిలేయాలి. వాట్సాప్ గ్రూపులో తిరిగే డ్రగ్ చార్ట్ ఫొటోలకు తేదీ ఉండదు, మూలం ఉండదు, చదివేటప్పుడు నమ్మబుద్ధి వేస్తుంది. వాటిని రోగి మీద వాడొద్దు. ఏఐ చాట్‌బాట్ చెప్పే మోతాదూ అంతే, తప్పు అంకెను కూడా తడబడకుండా చెబుతుంది. దాని చేత విషయాన్ని వివరింపజేసుకోండి, అంకెను మాత్రం లేబుల్‌లో, ఫార్ములరీలో చూసుకోండి.

పక్కనున్న మనిషి

వేగంలో సీనియర్ సిస్టర్‌కు ఎవరూ సాటిరారు. ‘అక్కా, ఇది ఆర్ఎల్‌లో (రింగర్ లాక్టేట్ సెలైన్‌లో) కలపొచ్చా?’ అంటే ఐదు సెకన్లలో జవాబు. నైట్ డ్యూటీలో చాలా సందేహాలు ఇలాగే తీరుతాయి. ఇబ్బంది ఎక్కడంటే, ఆమె జవాబు ఆమె పదేళ్ల కింద నేర్చుకున్నది కావచ్చు. అది తప్పైతే ఆ తప్పు వార్డు అంతా పాకుతుంది. కాబట్టి లెక్క మీరు ఒకరు, ఆమె ఒకరు విడివిడిగా కట్టండి. మీ జవాబు చెప్పి ‘కరెక్టేనా’ అని అడిగితే, మనసు దానికే తల ఊపుతుంది. పొటాషియం క్లోరైడ్, హెపారిన్, ఇన్సులిన్, బీపీ పెంచే మందులు, పిల్లల మోతాదులు అన్నింటికీ ఇది తప్పనిసరి. పొటాషియం పది ఎంఎల్ ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి, దాన్ని ఎప్పుడూ పుష్ (సిరంజితో ఒక్కసారిగా నేరుగా) ఇవ్వకూడదు. మామూలు లైన్‌లో గంటకు పది మిల్లీఈక్వివలెంట్లు దాటకూడదు.

డాక్టర్ నోటితో చెప్పిన ఆర్డర్‌ను గట్టిగా తిరిగి చెప్పండి: మందు, ఎంజీ, దారి. ‘అడ్రినలిన్ అర’ అంటే అది తొడ కండరంలోకా, రక్తనాళంలోకా? అనాఫిలాక్సిస్‌లో (ప్రాణాంతక అలర్జీలో) స్పృహలో ఉన్న రోగికి అర ఎంజీ కండరానిదే. అదే డోస్ పొరపాటున రక్తనాళంలోకి పుష్ అయితే గుండె లయ తప్పుతుంది.

క్లినికల్ ఫార్మసిస్ట్ ఉన్న ఆసుపత్రుల్లో కలపడం, కలపకపోవడం సందేహాలకు ఆయనే మొదటి మనిషి. చాలాచోట్ల సాయంత్రం తర్వాత ఉండరన్నదే చిక్కు.

ఆసుపత్రి చేయవలసినది

నర్సులకు ఒక రోజంతా హాలులో క్లాసు పెట్టడం మేలా, షిఫ్ట్ మార్పిడిలో పది నిమిషాలు మేలా అని అడిగితే మేము రెండోదే అంటాం. క్లాసులో విన్నది వారంలో మరుపు వస్తుంది. నైట్ చేసి వచ్చినవారికి నిద్ర తప్ప మరేమీ ఎక్కదు. పది నిమిషాల్లో ఒకే మందు, ఒకే ఆంప్యూల్, ఒకే లెక్క చేయిస్తే చేతికి అలవాటవుతుంది. వెతకడం నేర్పడం కూడా అలాగే: ఒక పురుగుల మందు లేబుల్ ఫొటో ఇచ్చి, ఇందులో విషం పేరేమిటో, విరుగుడు ఏ పేజీలో ఉందో మూడు నిమిషాల్లో చూపించమనండి.

ఇన్ఫెక్షన్, రోగి గోప్యత కారణాలతో ఫోన్ నిషేధించే మేనేజ్‌మెంట్లు ఉన్నాయి. వారి భయం సబబే. దానికి మార్గం, విభాగానికి ఒక ట్యాబ్ కొనడం: తుడవగలిగే కవర్, ఆఫ్‌లైన్‌లో పనిచేసే ఫార్ములరీ, ఫొటో తీయాల్సిన చోట వాడకానికి రాతపూర్వక నియమం. వైఫై రిసస్ గది (ప్రాణాపాయంలో ఉన్నవారికి చికిత్స చేసే గది) దాకా రాదని ముందే అనుకుని ఆఫ్‌లైన్ పెట్టుకోండి. కంప్యూటర్ ఉన్నా లాగిన్ ఇన్‌చార్జ్‌కే తెలిస్తే, ప్రోటోకాల్ ఫైల్ నర్సింగ్ సూపరింటెండెంట్ గదిలో తాళం వేసి ఉంటే, రాత్రి రెండింటికి ఆ రెండూ లేనట్టే.

అన్నిటికంటే చవకది సందేహాల పుస్తకం. స్టేషన్ మీద ఒక నోట్‌బుక్, పక్కన పెన్ను. జవాబు దొరకని ప్రశ్న రాస్తారు, పేరు అక్కర్లేదు. మర్నాడు ఇన్‌చార్జ్ సిస్టర్, ఫార్మసిస్ట్ కలిసి జవాబు, మూలం రాస్తారు. నెల తిరిగాక ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలు కార్డు మీదకు ఎక్కుతాయి. ‘ఇంత మాత్రం తెలియదా?’ అన్న మాట ఒక్కసారి వినబడితే ఆ పుస్తకంలో తర్వాత ఎవరూ రాయరు, సందేహాలు మాత్రం అలాగే ఉండి రోగి దగ్గర బయటపడతాయి.

రాత్రికి ఒకే సిస్టర్ ఉండే కాలనీ నర్సింగ్‌హోమ్‌లలో పక్కన అడిగే మనిషి ఉండదు, ట్యాబ్ కొనరు. వారికి కార్డు తప్పదు. దాని కింది భాగంలో నాలుగు నంబర్లు పెద్ద అంకెల్లో ఉండాలి: ఆన్‌కాల్ డాక్టర్ సెల్, అంబులెన్స్ 108, ఢిల్లీ ఎయిమ్స్ జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117, మందుల దుష్ఫలితాలు తెలియజేయడానికి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 1800 180 3024. విషం నంబర్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. దుష్ఫలితాలది పని వేళల్లోనే, కాబట్టి రాత్రి జరిగిన రియాక్షన్‌ను బ్యాచ్ నంబర్‌తో సహా పుస్తకంలో రాసి పెట్టుకుని ఉదయం ఫోన్ చేయాలి. ఖాళీ వయల్‌ను పారేయకుండా కవర్‌లో వేసి ఉంచాలి.