టవర్ డిజైన్ టీమ్: దశకో విభాగమా, ప్రాజెక్టుకో బృందమా?

హైదరాబాద్‌లో పదిహేను, ఇరవై అంతస్తుల అపార్ట్‌మెంట్లు గీసే ఆఫీసులు ఎక్కువగా రెండు రకాలుగా నడుస్తాయి. ఒకచోట ఫైలు చేతులు మారుతుంది. కాన్సెప్ట్ గీసినవాళ్లు శాంక్షన్ (అనుమతి డ్రాయింగుల) విభాగానికి ఇస్తారు, అనుమతి వచ్చాక అది వర్కింగ్ డ్రాయింగ్ (సైట్‌లో కట్టడానికి కావలసిన వివరమైన డ్రాయింగ్) విభాగానికి పోతుంది. ఇంకోచోట ఒక ప్రాజెక్టు ఆర్కిటెక్టు, ఇద్దరు జూనియర్లు, ఒక డ్రాఫ్ట్స్‌మన్ మొదటి స్కెచ్ నుంచి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దాకా ఆ భవనంతోనే ఉంటారు.

దశల పద్ధతికి బలం లేకపోలేదు. రోజూ శాంక్షన్ డ్రాయింగులే గీసేవాళ్లకు సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), పార్కింగ్ లెక్కలు నోటికి వచ్చి ఉంటాయి. లోపాలు చూపుతూ అధికారుల నుంచి షార్ట్‌ఫాల్ లెటర్ వస్తే జవాబు త్వరగా వెళ్తుంది. స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ ఐదు అంతస్తుల భవనాలు వరసగా వచ్చే ఆఫీసుకు ఇదే చవక, ఇదే వేగం.

టవర్ల దగ్గరే ఇది దెబ్బతింటుంది. నష్టం ఎప్పుడూ శాంక్షన్‌కీ వర్కింగ్ డ్రాయింగ్‌కీ మధ్య ఉన్న సందులోనే పుడుతుంది. తెలంగాణలో భవన అనుమతుల కోసం వచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం పెద్ద భవనాల అనుమతికి 21 రోజుల గడువు పెట్టింది. డ్రాయింగులు త్వరగా పెట్టేయాలన్న తొందరలో స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ప్రాథమిక సైజులు రాకముందే కాలమ్‌లు 300 మి.మీ. వెడల్పుతో గీసేస్తారు. సెల్లార్‌లో 7.8 మీటర్ల గ్రిడ్ (ఒక కాలమ్ మధ్య నుంచి ఇంకో కాలమ్ మధ్యకు దూరం) వేస్తే కాలమ్‌ల మధ్య 7.5 మీటర్లు మిగులుతుంది, 2.5 మీటర్ల చొప్పున మూడు కార్లు పడతాయి. తర్వాత భూకంప లెక్కలు చేసి కాలమ్ వెడల్పు 450 అంటారు. మిగిలేది 7.35, మూడో కారుకు చోటు లేదు. ప్రతి వరసలోనూ ఇదే జరిగితే శాంక్షన్‌లో చూపిన పార్కింగే తగ్గిపోతుంది. గీసిన మనిషి పక్కన లేడు కాబట్టి, గ్రిడ్ అలా ఎందుకు పెట్టారో వర్కింగ్ విభాగానికి తెలియదు.

ఫ్లాట్లు అమ్మకానికి పెట్టాక ఈ తప్పు ఖరీదు ఇంకా పెరుగుతుంది. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం శాంక్షన్ ప్లాన్‌లో భవనాన్నీ ఉమ్మడి స్థలాలనూ మార్చాలంటే కనీసం మూడింట రెండొంతుల కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి కావాలి.

సెల్లార్ ఎత్తుదీ అదే కథ. అంతస్తు ఎత్తు 3.3 మీటర్లు, బీమ్ లోతు 600 మి.మీ. అయితే కింద 2.7 మిగులుతుంది. 400 మి.మీ. ఎగ్జాస్ట్ డక్ట్ పోతే 2.3. దాని కింద 150 మి.మీ. స్ప్రింక్లర్ పైపు అడ్డంగా దాటితే, క్లాంపులతో కలిపి మిగిలేది దాదాపు 2.1 మీటర్లే. సెల్లార్‌ను నిలువుగా కోసి చూపే ఈ సెక్షన్ డ్రాయింగ్ ఒక్కటి శాంక్షన్‌కు ముందే గీసి ఉంటే చాలు. మొదటి నుంచీ ఉన్న బృందం దీన్ని గీస్తుంది, ఎందుకంటే రేపు సైట్ ఇంజినీర్ ఫోన్ చేసేది వాళ్లకే.

ప్రాజెక్టు బృందానికీ రోగాలున్నాయి. ఆర్కిటెక్టు ఉద్యోగం మానేస్తే ప్రాజెక్టు జ్ఞాపకమంతా ఆయనతోనే పోతుంది. అనుమతి కోసం ఎదురుచూసే వారాల్లో జూనియర్లకు పనుండదు. కంప్యూటర్ డ్రాయింగులో బృందానికో లేయర్ పద్ధతి, బృందానికో టాయిలెట్ డీటెయిల్ తయారవుతాయి. మొదటిదానికి మందు నిర్ణయాల రిజిస్టరు: తేదీ, మారినది, అడిగినవారు, ప్రభావితమయ్యే డ్రాయింగ్ నంబర్లు, ఈ నాలుగు గడులు చాలు. రెండోదానికి ఒక్కో బృందానికి వేర్వేరు దశల్లో రెండు ప్రాజెక్టులు ఇవ్వాలి. మూడోదానికి ఆఫీసంతటికీ ఒకే టెంప్లేటు, ఒకే డీటెయిల్ ఫోల్డరు ఉండాలి.

హైరైజ్ అయితే ప్రాజెక్టు బృందమే మేలు. అయితే ఇద్దర్ని మాత్రం అన్ని బృందాలకూ ఉమ్మడిగా ఉంచాలి: శాంక్షన్, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం) నియమాలు తెలిసిన మనిషి ఒకరు, డ్రాయింగులు చెక్ చేసేవారు ఒకరు. చెకర్ బృందం బయటివాడే కావాలి. తాను గీసిన షీటులో జారిపోయిన కొలత తన కంటికి ఆనదు.

స్ట్రక్చర్, ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) ఇంజినీర్లను ఆఫీసులో పెట్టుకోవాలా, బయటి కన్సల్టెంట్లకు ఇవ్వాలా అన్నది పని పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఏడాది పొడుగునా వాళ్లకు సరిపడా పని లేకపోతే బయటివాళ్లే నయం. ఒప్పందంలో మాత్రం శాంక్షన్‌కు ముందు ప్రాథమిక కాలమ్ సైజులు, షాఫ్ట్ (పైపులు, కేబుళ్లు నిలువుగా పోయే సందు) కొలతలు ఇవ్వాలని రాసి, ఫీజులో ఒక వాయిదాను దానికే ముడిపెట్టాలి. స్లాబులో పైపుల కోసం వదలాల్సిన రంధ్రాలు చూపే స్లీవ్ డ్రాయింగ్ స్లాబు కడ్డీ కట్టడానికి కనీసం వారం ముందే సైట్‌లో ఉండాలి. అది రాకుండా కాంక్రీటు పోస్తే తర్వాత స్లాబును యంత్రంతో తొలిచే కోర్ కటింగే గతి. అందులో కడ్డీలు తెగుతాయి, బాత్రూమ్ పైపుల చుట్టూ నీరు కారుతుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా సైట్‌కు డ్రాయింగ్ వెళ్లే దారి ఒక్కటే ఉండాలి. ఆర్2 (రెండో రివిజన్) షీటు వెళ్లిన రోజే సైట్‌లోని ఆర్1 మీద ‘రద్దు’ ముద్ర పడాలి, ట్రాన్స్‌మిటల్ (డ్రాయింగులు పంపిన జాబితా)పై సైట్ ఇంజినీర్ సంతకం రావాలి. వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌ను చూసి షటరింగ్ కట్టనివ్వకూడదు. మేస్త్రి ఫోనులో పాత రివిజన్ ఇంకా అలాగే ఉంటుంది.