బ్లాక్‌వెల్ గేములు: తీరని పని మిగిలిపోయిన దయ్యాలకు ఒక డిటెక్టివ్

న్యూయార్క్‌కు చెందిన వాడ్జెట్ ఐ గేమ్స్ సంస్థ 2006 నుంచి 2014 వరకు విడుదల చేసిన ఐదు బ్లాక్‌వెల్ కంప్యూటర్ గేములలో హంతకుణ్ణి పట్టించడంతో డిటెక్టివ్ పని తీరదు. చనిపోయిన మనిషి తాను చనిపోయానన్న సంగతి ఎరగక, బతికున్నప్పుడు మనసులో గుచ్చుకున్న ఏదో ఒక విషయం చుట్టూ తిరుగుతూ ఉంటాడు. ఆ విషయమేమిటో అతన్ని ఎరిగినవాళ్ల దగ్గర కూపీ లాగి, తిరిగి వచ్చి అతని చేతనే ఒప్పించాలి. రోసాంజెలా బ్లాక్‌వెల్ అనే యువతి, ఆమెను వదలకుండా అంటిపెట్టుకుని ఉండే జోయీ మలోన్ అనే దయ్యం కలిసి చేసే పని ఇదే.

మన ఇళ్లలో కర్మ నాడు పిండం పెట్టి ఎదురుచూసినా కాకి ముట్టకపోతే పెద్దలు ఏం చేస్తారో తెలిసినవారికి ఈ గేముల తీరు వెంటనే బోధపడుతుంది. పోయినవారికి ఏ కోరిక మిగిలిపోయిందోనని ఒక్కొక్కరే ముందుకు వచ్చి, చిన్నదాని పెళ్లి మేం చేస్తామని, ఫలానా బాకీ మేం తీరుస్తామని మాట ఇస్తూ పోతే, ఏదో ఒక మాటకు కాకి వాలుతుంది. రోసా చేసేదీ అదే వెతుకులాట. కాకపోతే ఆమె అడిగే ప్రశ్నలకు బదులు చెప్పవలసిన ప్రేతం ఎదురుగానే ఉంటుంది, దానికి బదులు చెప్పడమే ఇష్టం ఉండదు.

ఆడే పద్ధతి పాతకాలపు పాయింట్ అండ్ క్లిక్ పద్ధతే, అంటే తెర మీది వస్తువునో మనిషినో మౌస్‌తో నొక్కి కథ నడపడం. రోసా మనుషులతో మాట్లాడగలదు, వస్తువులు తీసుకోగలదు. జోయీ గోడల గుండా వెళ్లగలడు, ఎవరికీ కనబడకుండా మాటలు వినగలడు, తేలికపాటి కాగితాలను ఊది కదిలించగలడు, కానీ రోసాను విడిచి ఎక్కువ దూరం పోలేడు. రెండో గేము నుంచి ప్రధాన పాత్రనూ జోయీనీ మార్చి మార్చి మనమే నడిపించవచ్చు. చివరకు ప్రేతం తన చావును ఒప్పుకున్నాక జోయీ మెడలోని టైని పట్టుకుంటుంది, దాని ఆధారంగానే ఆవలి వెలుగు దగ్గరకు చేరుతుంది. ఐదు గేములలోనూ ఇదే క్రమం తిరిగి వచ్చినా నాకు విసుగు పుట్టలేదు, ఎందుకంటే ఒప్పించే మాట ప్రతిసారీ వేరు.

మొదటిదైన బ్లాక్‌వెల్ లెగసీ మాత్రం ఓపికను పరీక్షిస్తుంది. రోసా తన మేనత్త లారెన్ అస్థికలను క్వీన్స్‌బరో వంతెన మీద కలిపే దృశ్యం బాగుంటుంది గానీ, ఆ తరువాత జోయీ కనబడే వరకు కథ నత్తనడక నడుస్తుంది, కనబడ్డాక ఆయన వివరణలు ఒక పట్టాన తెగవు. నోట్‌బుక్‌లో రాసుకున్న రెండు విషయాలను జతపరిచి కొత్త ప్రశ్న రాబట్టే ఏర్పాటు తెలివైనదే అయినా, ఏది దేనితో జతపడుతుందో తోచక అన్నిటినీ అన్నిటితో కలిపి చూసే పరిస్థితి ఒకటి రెండు చోట్ల వస్తుంది.

రెండోదైన బ్లాక్‌వెల్ అన్‌బౌండ్ (2007) దగ్గర ఈ వరుస నిలదొక్కుకుంది, నా లెక్కలో ఐదింటిలోనూ ఇదే మేలైనది. మొదట ఇది మూడో గేములో గతాన్ని చూపే భాగంగా ఉండవలసింది, పెరిగి విడిగా వచ్చింది. కాలం 1973, ప్రధాన పాత్ర లారెన్. ఎడతెగకుండా సిగరెట్లు కాలుస్తూ, ఇష్టం లేని ఉద్యోగానికి పోయినట్టు ప్రేతాల పనికి పోయే మనిషి ఆమె. ఆధారం దొరికితే టెలిఫోన్ డైరెక్టరీ తెరిచి పేర్లు వెతకడమే ఆమె పరిశోధన. రూజ్‌వెల్ట్ ద్వీపం నది ఒడ్డున శాక్సఫోన్ వాయించే ప్రేతానిది ఒక కేసు, కట్టడం సాగుతున్న స్థలంలో తిరుగాడే స్త్రీది ఇంకొకటి. థామస్ రెగిన్ జాజ్ సంగీతం లారెన్ అలసటకు అచ్చంగా సరిపోయింది.

ఈ గేములో నిజజీవితంలోని ఒక వ్యక్తిని, న్యూయార్కర్ పత్రిక రచయిత జోసెఫ్ మిచెల్‌ను, పాత్రగా తెచ్చారు. గ్రీనిచ్ విలేజ్ వీధుల్లో తిరుగుతూ తాను ఒక మహా మౌఖిక చరిత్ర రాస్తున్నానని చెప్పుకున్న జో గూల్డ్ నిజానికి ఆ గ్రంథం రాయనే లేదని, గూల్డ్ చనిపోయాక 1964లో బయటపెట్టినవాడు మిచెల్. ఆ తరువాత 1996లో చనిపోయే వరకు ఆయన ఆఫీసుకు వస్తూనే ఉన్నా, చెప్పుకోదగిన కొత్త రచన ఏదీ ప్రచురించలేదు. అసంపూర్ణంగా మిగిలిన పని గురించి చెప్పే గేముకు ఇంతకంటే తగిన పాత్రలు దొరకవు.

బ్లాక్‌వెల్ కన్వర్జెన్స్ (2009) ఆ గూల్డ్ కథను కొనసాగిస్తుంది, పరిశోధన కంప్యూటర్‌కు మారుతుంది. జ్యోతిష్యం పేరిట మోసగించేవాళ్ల చుట్టూ అల్లిన బ్లాక్‌వెల్ డిసెప్షన్ (2011) ఫర్వాలేదనిపిస్తుంది. మంచు కురుస్తున్న నగరంలో నడిచే బ్లాక్‌వెల్ ఎపిఫనీ (2014) రోసా, జోయీల కథను ముగిస్తుంది.

కొనేవారికి కొన్ని మాటలు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో మొదటి నాలుగూ ఒక కట్టగా దొరుకుతాయి, ఎపిఫనీని విడిగా కొనాలి. బొమ్మలు చుక్కలు చుక్కలుగా కనబడే పాత పిక్సెల్ తరహావి కనుక సాధారణమైన ల్యాప్‌టాప్ చాలు. అయితే తొలి రెండు గేములలో సంభాషణల రికార్డింగ్ అంత శుభ్రంగా ఉండదు, పాత్రల ముఖచిత్రాల శైలి కూడా గేముకొక రకంగా మారుతుంది. తెలుగు అనువాదం లేదు, జోయీ పాతకాలపు న్యూయార్క్ యాసలో రోసాను ఆటపట్టిస్తూ మాట్లాడతాడు కనుక ఆంగ్ల సబ్‌టైటిళ్లు పెట్టుకుని ఆడడం మంచిది. లెగసీ నెమ్మదిగా ఉందని దాటేసి నేరుగా ఎపిఫనీతో మొదలుపెట్టవద్దు. లారెన్ ఎవరో తెలియకుండా ఆడితే అందులో సగం మాటలు ఎవరిని ఉద్దేశించినవో అర్థం కావు.