రైజెన్ 5 7600ఎక్స్ రివ్యూ: మే నెలలో 95 డిగ్రీలు చూపిస్తే కంగారు పడాలా?

ప్రాసెసర్ మంచిదే. 95 డిగ్రీలు చూపించినంత మాత్రాన అది పాడైనట్టు కాదు. అయితే మా విజయవాడ లాంటి ఊళ్లో, ఏసీ లేని గదిలో, కంపెనీ సెట్టింగులతోనే దాన్ని వదిలేయొద్దు. ఒక్క సెట్టింగు మారిస్తే పనిలో పెద్దగా తేడా రాదు, వేడి మాత్రం బాగా దిగుతుంది. కొత్తగా సిస్టమ్ అసెంబుల్ చేయించుకుని, టెంపరేచర్ చూసి గుండె గుభేల్‌మన్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాది పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్, వీడియో ఎడిటింగ్ పని. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలంటే మాకు ఊపిరి సలపదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, సరిగ్గా ఆ రోజుల్లోనే మా సిస్టమ్‌లు రాత్రింబవళ్లు నడుస్తుంటాయి. లైట్‌రూమ్ అనే ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఒక పెళ్లి రా ఫైళ్లన్నీ (కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లు) జేపెగ్‌లుగా తీయడానికి, అంటే ఎక్స్‌పోర్ట్‌కి, పెట్టామంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే కోర్లన్నీ నూటికి నూరు శాతం లోడ్‌లో ఉంటాయి. గేమ్ ఆడేవాళ్ల కన్నా ప్రాసెసర్‌ని ఎక్కువ కష్టపెట్టేది మాలాంటి వాళ్లమే.

తీసుకున్నది ఇదీ: రైజెన్ 5 7600ఎక్స్, బీ650 మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, డీప్‌కూల్ ఏకే400 కూలర్. ఈ ప్రాసెసర్ పెట్టెలో కూలర్ రాదు, విడిగా కొనుక్కోవాల్సిందే. బడ్జెట్ వేసుకునేటప్పుడే ఆ డబ్బు పక్కన పెట్టుకోండి. క్యాబినెట్ మాత్రం షాపువాళ్లు చూపించినది, ముందు వైపంతా అద్దం. దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదటి పెద్ద ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు మా దగ్గర పనిచేసే కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, 95 కొట్టింది, ఆపేయనా?" అన్నాడు. అసెంబుల్ చేసిన షాపుకి ఫోన్ చేస్తే, "ఇవి ఇంతేనండి, ఏం కాదు, వాడుకోండి" అని పెట్టేశారు. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం మనమే చూసుకోవాలి.

నిజం ఉన్న సగం ఇది. 2022 సెప్టెంబరులో రైజెన్ 7000 సిరీస్ విడుదల చేసినప్పుడు వీటిని తయారుచేసే ఏఎండీ కంపెనీ ఈ సంగతి దాచలేదు. బరువైన పని పడితే ఈ చిప్‌లు 95 డిగ్రీల దాకా వెళ్లేలా తామే తయారు చేశామని, ఆ వేడిలో ఎంతసేపు నడిచినా వాటికి హాని లేదని చెప్పింది. పాత ప్రాసెసర్‌లలో వేడి పెరిగితే అది ప్రమాద సూచన. ఇందులో 95 అనేది హద్దు. ఆ హద్దు చేరేదాకా స్పీడు పెంచుకుంటూ పోతుంది, చేరాక స్పీడు కాస్త తగ్గించుకుని అక్కడే నిలబడుతుంది. అందుకే ఎంత మంచి కూలర్ పెట్టినా కొందరికి 95 కనిపిస్తూనే ఉంటుంది.

ఇంత వేడి ఎందుకంటే, పని చేసే కోర్లన్నీ ఉన్న సిలికాన్ ముక్క సుమారు 70 చదరపు మిల్లీమీటర్లే, అంటే చిటికెన వేలి గోరంత. లోడ్ పడినప్పుడు వంద వాట్ల పైచిలుకు కరెంటులో ఎక్కువ భాగం ఆ గోరంత చోటే వేడిగా మారుతుంది. దాని మీద ఉండే లోహపు మూత కూడా మందంగా ఉంటుంది. ఏఎం4 అనే పాత సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కాలం నాటి కూలర్లు కొత్త ఏఎం5 సాకెట్‌కీ పనికి రావాలని ఎత్తు అలాగే ఉంచారు, ఆ మేరకు మూత మందం పెరిగింది. వేడి పుట్టినంత వేగంగా కూలర్‌కి అందదు.

ఇక మనం చూసుకోవాల్సిన సగం. టెంపరేచర్ ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, సెన్సర్ల పట్టికలో నాలుగు వరుసలు పక్కపక్కనే చూడండి: సీపీయూ టెంపరేచర్ (టీసీటీఎల్/టీడై అని ఉంటుంది), కోర్ క్లాక్ (కోర్లు నడిచే స్పీడు), పీపీటీ అని కనిపించే వాట్లు (ప్రాసెసర్ లాగే కరెంటు), సీపీయూ ఫ్యాన్ తిరిగే వేగం. వీటికి గది వేడి కూడా కలపాలి. నేను టేబుల్ మీదే మామూలు థర్మామీటర్ ఒకటి పెట్టుకున్నాను. బయటి దేశాల వాళ్లు రాసే రివ్యూలు ఎక్కువగా ఇరవై రెండు, ఇరవై నాలుగు డిగ్రీల గదుల్లో తీసినవి. మన గది 34లో ఉంటే, అదే కూలర్ మీద అదే ప్రాసెసర్ పది డిగ్రీలు ఎక్కువ చూపించడం సహజం. ఈ సంగతి మర్చిపోయి వాళ్ల అంకెలతో పోల్చుకుంటే లేనిపోని భయం పట్టుకుంటుంది.

ఇంకో మాట. టీసీటీఎల్ అసలు వేడి కన్నా 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, అంత తీసేసి చూసుకోవాలి అని ఎక్కడైనా చదివితే అది 2017 నాటి 1800ఎక్స్ లాంటి ప్రాసెసర్ల సంగతి. 7600ఎక్స్‌కి అది వర్తించదు, ఏమీ తీసేయకండి.

పరీక్షకి సినీబెంచ్ ఆర్23 సరిపోతుంది, అది ప్రాసెసర్‌కి బరువైన పని పెట్టి స్కోరు ఇచ్చే ప్రోగ్రామ్. అందులో పది నిమిషాలు ఆపకుండా నడిచే పరీక్ష ఉంది, అదే పెట్టండి. మొదటి నిమిషం అంకెలు చూసి మురిసిపోవద్దు. కూలర్ లోహం, క్యాబినెట్ లోపలి గాలి వేడెక్కడానికి సమయం పడుతుంది, ఆరేడు నిమిషాలు దాటాక కనిపించేదే అసలు అంకె.

మధ్యాహ్నం, ఫ్యాన్ మాత్రమే తిరుగుతున్న 34 డిగ్రీల గదిలో నాకు వచ్చినవి ఇవి. ఏ పనీ లేనప్పుడు 48 నుంచి 53. సినీబెంచ్‌లో పది నిమిషాల తర్వాత కదలకుండా 95, క్లాక్ 5,150 మెగాహెర్ట్జ్ దగ్గర, స్కోరు 14,800. బేస్ క్లాక్, అంటే కంపెనీ చెప్పిన మామూలు స్పీడు, 4,700 కదా, దానికి చాలా పైనే ఉంది. అంటే ప్రాసెసర్ అలసిపోలేదు, తన హద్దులో తాను పరిగెడుతోంది.

అప్పుడు క్యాబినెట్ పక్క పలక ఊడదీసి మళ్లీ నడిపాను. ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. టెంపరేచర్ 95 నుంచి 93కి మాత్రమే దిగింది. అది చూసి "పలక తీసినా లాభం లేదు, కూలరే బాగాలేదు" అనుకుంటారు చాలామంది. కానీ క్లాక్ వరుస చూస్తే 5,150 కాస్తా 5,250 అయింది, స్కోరు 15,000 దాటింది. చల్లగాలి అందగానే ఆ వెసులుబాటుని ప్రాసెసర్ స్పీడుకి వాడేసుకుంది, అందుకే టెంపరేచర్ పెద్దగా దిగలేదు. హద్దు దగ్గర నడిచే చిప్ విషయంలో గాలి బాగా ఆడుతోందా లేదా అనేది టెంపరేచర్ కన్నా క్లాక్ చక్కగా చెప్తుంది. ఇది తెలియకే కొందరు కూలర్ మీద కూలర్ మారుస్తుంటారు.

నా సిస్టమ్‌లో తప్పంతా ఆ అద్దం క్యాబినెట్‌దే. ముందు మూడు ఫ్యాన్లు రంగురంగుల లైట్లతో తిరుగుతాయి, కానీ వాటికి గాలి అందేది పక్కనున్న సన్నని సందులోంచే. కాగితం ముక్క పట్టుకుని చూస్తే లోపలికి లాగడమే లేదు. మన ఊళ్లలో క్యాబినెట్ అంటే ముందు జాలీ ఉన్నదే తీసుకోవాలి. దుమ్ము పడుతుంది నిజమే, నెలకోసారి ఫిల్టర్ తీసి దులుపుకోవాలి. దుమ్ము దులుపుకోవచ్చు, అద్దానికి చిల్లులు పెట్టలేం.

తర్వాత బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) ఎకో మోడ్ 65 వాట్లకి పెట్టాను. మొదట్లో చెప్పిన ఆ ఒక్క సెట్టింగు ఇదే. చాలా బోర్డుల్లో ఇది ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ అనే మెనూలో ఉంటుంది. తెరవగానే హెచ్చరిక పేజీ ఒకటి వస్తుంది, ఒప్పుకుంటేనే లోపలికి పోనిస్తుంది. పేరు చూసి బెదరకండి, మనం పెంచడం లేదు, తగ్గిస్తున్నాం. పేరులో 65 అని ఉన్నా, దీంతో ప్రాసెసర్ లాగే కరెంటు హద్దు 142 వాట్ల నుంచి 88 వాట్లకి దిగుతుంది. పలక మళ్లీ బిగించి, అదే గదిలో, అదే పరీక్ష పెడితే: 77 డిగ్రీలు, స్కోరు 14,300. పద్దెనిమిది డిగ్రీలు తగ్గింది, పనితనం నూటికి నాలుగు వంతులు కూడా తగ్గలేదు. లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో ఆ తేడా మాకు తెలియడం లేదు. ఫ్యాన్ రొద తగ్గింది, గదిలోకి కొట్టే వేడిగాలి తగ్గింది. ఆ సిస్టమ్ పక్కనే కూర్చుని పనిచేసే కుర్రాడికి ఇదే పెద్ద ఊరట.

ఇంకొకటి చాలామందిని భయపెడుతుంది. బ్రౌజర్ తెరిచినా, ఒక ఫోల్డర్ తెరిచినా టెంపరేచర్ 50 నుంచి 68కి ఎగిరి, మళ్లీ రెండు క్షణాల్లో దిగిపోతుంది. ఒకే కోర్ 5,300 దాకా పరిగెత్తడానికి ఎక్కువ వోల్టేజీ తీసుకుంటుంది, అందుకే ఆ ఎగుడు దిగుడు. దానికి తగ్గట్టు ఫ్యాన్ కూడా ఊరికే గుర్రుమంటుంటే, బయోస్‌లో ఫ్యాన్ సెట్టింగుల దగ్గర స్పీడు పెరగడానికి పట్టే సమయాన్ని కొన్ని సెకన్లు పెంచుకోండి. బయోస్ స్క్రీన్‌లో విండోస్‌లో కన్నా ఎక్కువ వేడి చూపించడమూ మామూలే, అక్కడ ప్రాసెసర్ విశ్రాంతి తీసుకోదు.

మరి ఎప్పుడు అనుమానించాలి? పని లేకుండానే 75, 80 చూపిస్తుంటే. లోడ్ పెట్టిన ఒకటి రెండు క్షణాల్లోనే 95కి ఎగిరి, క్లాక్ బేస్ కన్నా కిందికి పడిపోతుంటే. ఎకో మోడ్‌లో కూడా 95 వదలకపోతే. పని మధ్యలో సిస్టమ్ దానంతటదే ఆరిపోతుంటే. వీటిలో ఏది కనిపించినా షాపుకి తీసుకెళ్లి మీ కళ్లముందే కూలర్ ఊడదీయించండి. కూలర్ అడుగున అతికించి ఉండే పల్చటి ప్లాస్టిక్ కవర్ తీయకుండానే బిగించేయడం చిన్న షాపుల్లో జరుగుతుంటుంది. ప్రాసెసర్ మూతకీ కూలర్‌కీ మధ్య వేసే పేస్ట్ మూతంతా పరుచుకుందా, స్క్రూలు రెండు వైపులా సమంగా బిగిశాయా, ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ పిన్నులకే పెట్టారా అన్నవి కూడా అప్పుడే చూసుకోవచ్చు. ఈ ప్రాసెసర్ మూత అంచుల్లో గాడులుంటాయి, పేస్ట్ వాటిలోకి పొంగితే తుడవడం కష్టం. కొంచెం వేసినా చాలు, కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. "ఇవి ఇంతేనండి" అనే జవాబు పై లక్షణాలకి చెల్లదు, గట్టిగా అడగండి.

అన్ని ప్రాసెసర్లకీ 95 ఒప్పుకోవాలని కూడా కాదు. 7800ఎక్స్3డీకి హద్దు 89, పాత 5800ఎక్స్‌కి 90. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లకి 100. మీ మోడల్ హద్దు ఎంతో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకుని మాట్లాడండి.

ఏకే400 గురించి: ఈ ధరలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. 65 వాట్ల ఎకో మోడ్‌కి అది కావాల్సిన దానికన్నా ఎక్కువే. ఏసీ లేకుండా 7600ఎక్స్‌ని పూర్తి స్పీడులో నడపాలనుకుంటే మాత్రం రెండు టవర్లున్న కూలర్ చూసుకోండి.

ఇప్పుడు కొనబోయే వాళ్లకి నా సలహా ఎక్స్ లేని 7600. అవే ఆరు కోర్లు, 65 వాట్లు, పెట్టెలోనే కూలర్ వస్తుంది. మనం ఎకో మోడ్‌లో పెట్టి తెచ్చుకున్న స్థితిలోనే అది వస్తుంది. గదికి ఏసీ ఉండి, 7600ఎక్స్ తక్కువ ధరకి దొరికితే అప్పుడు అదే తీసుకోండి. మా స్టూడియోలో రెండో సిస్టమ్‌కి 7600, ముందు జాలీ ఉన్న క్యాబినెట్ చెప్పాను. దానితో పాటే మొదటిదాని అద్దం క్యాబినెట్ కూడా మార్పించేస్తున్నాను.